కత్తికి వెల ఎట్ల కట్టాలె?



ఈ మధ్య మన పిల్లగాండ్లు ఫోన్ల వీడియోలు చూసి ఫారిన్ కత్తులు తెప్పిచ్చుకుంటున్నరు. మడత పెట్టేటివి కావు. పిడికి గట్టిగ బిగిచ్చి, ఒరతోని వచ్చేటివి. పెద్దోళ్లు చూసి "కత్తికి ఇన్ని పైసలా" అని తిడుతున్నరు. పిల్లలేమో "మన కమ్మరి కత్తి దీని ముందు ఎంత" అంటున్నరు. నా లెక్కల రెండూ తొందరపాటు మాటలే. ఎడ్లను కొనేటప్పుడు పండ్లు చూస్తం, నడక చూస్తం, గిట్టలు చూస్తం. కత్తి దగ్గరికి వచ్చేసరికి మెరుపు చూస్తం, లేకుంటే ధర చూస్తం. అందుకే ఈ పోస్టు.

ముందు ఆ ఫారిన్ కత్తి సంగతి. మనోళ్లు ఎక్కువ తెప్పిచ్చేది స్వీడన్ దేశపు మోరా కత్తి. మోరా అనేది ఆ దేశంల ఒక ఊరు. ఆడ కత్తుల పని వందల ఏండ్ల నుంచి ఉన్నది. ఇప్పటి కంపెనీ 1891 నుంచి తన లెక్క చెప్పుకుంటది. ఆ దేశంల అది షోకు వస్తువు కాదు, వడ్లోళ్లు, రైతులు, చేపలు పట్టేటోళ్లు వాడే మామూలు పనికత్తి. కంపానియన్ అనే రకంల బ్లేడు పది సెంటీమీటర్ల చిల్లర ఉంటది, మందం రెండున్నర మిల్లీమీటర్ల లోపే. తుప్పు పట్టని రకానికి 12సి27 అనే ఉక్కు వాడుతరు. అండ్ల కర్బనం నూటికి 0.6, క్రోమియం 13.5 దాక ఉంటది.

మా అక్క కొడుకు తెప్పిచ్చిన కత్తిని ఒక పంటకాలం నేను కూడ వాడి చూసిన. డ్రిప్ పైపు కోసుడు, పగ్గం కోసుడు, సంచుల దారం తెంపుడు, యాటను కోసినంక తోలు తీసుడు, ఈ పనులకు మస్తుగుంది. పదును తొందరగ పోదు. పోయినా సానరాయి మీద పది నిమిషాలల్ల వస్తది. కానీ సర్కారు తుమ్మ కంప కొట్టబోతే అది చేతకాదు. బరువు లేదు, పొడుగు లేదు. బ్లేడు తోక పిడి చివరిదాక పోదు, నడుమలనే ఆగుతది. దాంతోని కొట్టి, ఇరిగిందని కంపెనీని తిడితే తప్పు మనదే. కోడెదూడకు గుంటుక కట్టినట్ల.

ఇగ మన కమ్మరి కత్తి. మన పెబ్బేరు 44వ నంబరు హైవే మీద ఉన్నది. లారీల పాత కమాను పట్టీలకు కొదువ లేదు. ఆ పట్టీల ఉక్కుల కర్బనం నూటికి 0.5 నుంచి 0.6 దాక ఉంటది. ఎర్రగ కాల్చి ముంచితే గట్టిపడే ఉక్కు అది. దాంతోని మంచి కమ్మరి చేసిన కత్తి కంప కొడ్తది, తాటి మట్ట కొడ్తది, ఇరవై ఏండ్లు నడుస్తది. అదే ఇల్లు కట్టే సలాకతోని చేస్తే ఎంత కాల్చినా ఎంత ముంచినా పదును నిలవదు. అండ్ల కర్బనం 0.3కు మించి ఉండదు. కొత్తల రెండూ ఒక్కతీర్గనే కనిపిస్తయి. తేడా పొలంల తెలుస్తది.

ఉక్కు మంచిదైనా పానం సరిగ్గ పెట్టాలె. ఎర్రగ కాల్చి ముంచినంక కత్తి గాజు తీరు పెళుసుగుంటది. మళ్ల సన్నగ వేడి చేసి ఆ పెళుసు తీయాలె. ఎండుగడ్డి రంగు వచ్చేసరికి వేడి సుమారు 220 డిగ్రీలు. నీలం రంగు వచ్చిందంటే 300 దగ్గరికి పోయినట్టు, అంచు మెత్తబడ్డట్టు. కమ్మరాయన ఇదంతా కంటితోనే చూస్తడు. అందుకే ఒకే కొలిమిల ఒక కత్తి బంగారం, ఇంకోటి మట్టి. పోయినేడు మా పక్క చేను ఆయనకు పిడి ఊడి బ్లేడు జారి వేలి నరం తెగింది. నెల రోజులు పని బంద్. కత్తి ధర ఎంతున్నా, ఆ నెల కూలి ధరల కలువదు కద.

కంపెనీ కత్తికి మనం ఎక్కువ ఇచ్చేది దీనికే. వెయ్యి కత్తులు చేసినా వెయ్యింటికీ ఒకే పానం. పేరు మీద పైసలు తీసుకుంటున్నరంటే, ఆ పేరు చెడకుండ చూసుకునే పని కూడ వాళ్లదే.

శనివారం సంతల కత్తి కొనేటప్పుడు నేను చూసేటివి చెప్త.

ఒకటి, చిన్న ఆకురాయి జేబుల పెట్టుకొని పోండి. అమ్మేటాయన్ని అడిగి పిడి దగ్గర అంచు మీద ఒకసారి మెల్లగ రాయండి. మెత్తటి ఇనుమును తిన్నట్టు తింటే వద్దు. కొంచెం కష్టంగ పట్టాలె. అసలే పట్టక జారితే మరీ గట్టి, పెచ్చులు లేస్తది.

రెండు, కన్ను మూసి అంచు పొడుగునా చూడండి, వంకర ఉంటే తెలుస్తది. వెలుతురుకు పట్టి చూస్తే అంచు మీద ఏడ తళుక్కుమంటదో ఆడ పదును లేదు.

మూడు, బ్లేడు తోక పిడిల ఎంత దూరం పోయిందో చూడండి. కొట్టే కత్తికి చివరిదాక పోవాలె, మేకులు బిగిచ్చి ఉండాలె.

నాలుగు, సాన పట్టే మిషన్ దగ్గర నిలబడి చూడండి. నిప్పురవ్వలు లేపుకుంట ఒకే తీరు అదిమితే అంచు నీలం అయితది. ఇంత మంచి కత్తి అయినా ఆడికి పానం పోయినట్టే. మాటిమాటికి నీళ్లల్ల ముంచమని చెప్పండి.

ఇగ అసలు మాట. ఫోన్ల కొనేటప్పుడు ఒక్క రూపాయి బేరం చేయం. కమ్మరాయన నాలుగు వందలంటే రెండు వందల యాభైకి ఇయ్యమంటం. ఆ రెండు వందల యాభైల ఆయన కమాను పట్టీ కొనాల్నా, బొగ్గు కొనాల్నా? సలాక ముక్కతోని చేసిస్తడు. మళ్ల మనమే "కమ్మరి కత్తులు పనికిరావు" అంటం. కోత మిషన్లు వచ్చినంక కొడవళ్ల గిరాకీ ఎట్లనో తగ్గిపోయింది. ఆ కొలిమి కూడ ఆరితే గొడ్డలికి, పారకు, గునపానికి మొన ఎవరు సాగదీస్తరు? మోరా కంపెనీ వచ్చి సాగదీయదు.

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వ్యాపారులు వచ్చేటోళ్లు. ఇంగ్లీషోళ్లు ఊట్జ్ అన్న మాట మన దిక్కు "ఉక్కు" అన్న మాట నుంచే వచ్చిందంటరు. అంత పేరున్న కొలుములు కూడ ఆరిపోయినయి. పనితనం ఉన్నంత మాత్రాన పని నిలవదు, కొనేటోడు నిలబడాలె.

కాబట్టి నా మాట ఇది. సన్న పనికి మోరా అసోంటి కత్తి కొంటే దుబారా కాదు, పైసలకు తగ్గ సరుకే. కంప కొట్టేదానికి కమ్మరి కత్తే కొనండి, ఫలానా కమాను పట్టీతోనే కావాలె అని చెప్పి చేపిచ్చుకోండి, అడిగినంత ఇయ్యండి. కమ్మరన్నలకు కూడ ఒక మాట. చేసిన కత్తి మీద మీ గుర్తు ఒకటి కొట్టండి. మూడు నెలలల్ల పెచ్చు లేస్తే మళ్ల కాల్చి ఇస్తమని చెప్పండి. ఆ గుర్తే మీ బ్రాండు. అట్ల చెప్పేటాయన దగ్గర వంద ఎక్కువైనా నేను కొంట.

మీ ఊర్ల కమ్మరి ఏ ఇనుము వాడుతున్నడు, కత్తికి ఎంత తీసుకుంటున్నడు, కింద రాయండి. వచ్చే సంతకు పోయేటోళ్లకు పనికొస్తది.