మెరుపుల మధ్య ఒక పట్టీ

కార్లంటే ప్రాణమిచ్చే యువకులు మన రామచంద్రపురంలోనూ ఉన్నారు. ఇక్కడినుండి గల్ఫ్ దేశాలకు వెళ్లి డ్రైవర్లుగా పనిచేస్తున్నవారిలోనూ ఉన్నారు. 1905లో ఆరంభమైన జెనీవా మోటార్ షో 2023 అక్టోబరులో ఖతర్ రాజధాని దోహాలో జరిగింది. అటువంటి ప్రదర్శనకు వెళ్లినవారి చూపు సహజంగానే కోట్ల విలువచేసే వాహనాల మెరుపుపై నిలుస్తుంది. చూడడం తప్పు కాదు. మనిషి నైపుణ్యాన్ని మెచ్చుకోవలసిందే. అయితే అక్కడి కార్లలో ఎవరూ ఫోటో తీయని వస్తువు ఒకటుంది. అది సీటు బెల్టు.

నేడు మనం వాడే బెల్టును 1959లో వోల్వో సంస్థ ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు. అది భుజం మీదుగా, ఒడి మీదుగా సాగి మూడు చోట్ల బిగుస్తుంది. ప్రమాదంలో తాకిడి భారాన్ని మెత్తని పొట్టపై పడనీయక, ఛాతీ, తుంటి ఎముకలకు పంచుతుంది. పేటెంటు తమదే అయినా, ఇతర తయారీదారులు కూడా దానిని వాడుకొనేందుకు వోల్వో అనుమతించింది. ప్రాణం కాపాడే విద్యను అలా పంచడం ఏ మెరుపుకన్నా అందమైనది.

కాని మన కాలువగట్టు రోడ్లపై పెళ్లికి బయలుదేరిన కారులో వెనుక కూర్చున్నవారు బెల్టు ముట్టరు. చట్టప్రకారం అది వెనుకవారికీ తప్పనిసరి. పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచండి. వేగంగా పోతున్న కారు దేనినైనా ఢీకొంటే, ఒడిలోని బిడ్డను ఏ తల్లి చేతులూ పట్టి ఉంచలేవు. పసివారికి వారి వయసుకు తగిన ప్రత్యేక సీటు అమర్చాలి.

ప్రాణం మనకు అప్పగించబడిన అమానత్. విదేశంలో కార్లు చూసివచ్చే కుమారుడు అత్తరు, ఖర్జూరాలతోపాటు ఈ అలవాటును కూడా ఇంటికి తీసుకురావాలి.