మోగని గంట

వేసవి సెలవులు ముగిసి జూన్‌లో హాస్టల్‌కు రాగానే మేము చేసే మొదటి పని ట్రంకుపెట్టెకు చోటు వెతుక్కోవడం. ఫ్యాను తిరుగుతోందా, కుళాయిలో నీళ్లు వస్తున్నాయా అని చూస్తాం. వరండాలో వేలాడే ఎర్ర సిలిండరు వంక మాత్రం ఎవరమూ చూడం. ఈ ఏడాది కొందరం చూశాం. దాని ముల్లు ఆకుపచ్చ గుర్తులో లేదు, ఎర్ర గుర్తులో ఉంది. ఇసుక బకెట్లలో వేరుశనగ తొక్కలున్నాయి. వేసింది ఎవరో కాదు, మేమే. పొగ వస్తే మోగాల్సిన గంట, బటన్ నొక్కినా మోగలేదు.

పరికరం గోడకు ఉండటం వేరు, పనిచేయడం వేరు. ఈ సంగతి విశాఖ వాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. సైరన్ మోగించేందుకు 36 చోట్ల ఏర్పాటు ఉన్నా వాడలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. లాక్‌డౌన్‌లో వారాల తరబడి మూతపడిన కర్మాగారమది. మన హాస్టలూ ప్రతి వేసవిలో మూతపడేదే. మూసి తెరిచినప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఏడాదికొకసారి చూస్తే చాలదా అని కొందరు మిత్రులు అన్నారు. చాలదని మా అభిప్రాయం. తొలకరికి ఉసిళ్లు, సాలెపురుగులు పొగ గంటలో దూరతాయి. సముద్రపు తేమకు తీగల కొసలు తుప్పు పడతాయి. తుపానుకు కరెంటు పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరమంతా చీకటైంది. అలాంటి రాత్రి గంటలోని సెల్ అయిపోయి ఉంటే గతేమిటి? చలికాలంలో కిటికీలు మూసి దుప్పట్ల పక్కనే దోమల చక్రం వెలిగిస్తాం. ఎండాకాలంలో ఒకే ప్లగ్గుకు నాలుగు తీగలు తగిలిస్తాం. ప్రతి కాలానికీ దాని ప్రమాదం ఉంది.

ఇక తాళం సంగతి. దొంగల భయంతో రాత్రి మెట్ల దగ్గర గ్రిల్లుకు తాళం వేస్తారు. అది అవసరమే. సామాను పోతే ఏడ్చేది మేమే. కానీ తాళంచెవి ఒక్క వాచ్‌మన్ అన్న జేబులోనే ఉంటే ఎలా? 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో, వంటపాకలో రేగిన నిప్పు బడి ఆకుల కప్పుకు పాకి 94 మంది చిన్నారులు బలైపోయారు. పిల్లలకు బయటపడే దారి ఎంత ముఖ్యమో ఆ రోజు చెప్పింది. దొంగను ఆపే తాళం, మంటల నుండి పరుగెత్తే పిల్లవాణ్ణి ఆపకూడదు. రెండో తాళంచెవి గ్రిల్లు లోపలి వైపు, అందరికీ తెలిసిన చోట ఉండాలి.

సిలిండరు నింపడానికి డబ్బు కావాలి. అది పెద్దలను అడుగుతాం. బటన్ నొక్కి చూడటానికి, ఇసుక శుభ్రం చేయడానికి పైసా అక్కరలేదు. అది మా బాధ్యత.

ఏటా ఏప్రిల్ 14న అంబేద్కర్ గారి చిత్రపటానికి పూలమాల వేస్తాం. అదే రోజు అగ్నిమాపక సేవా దినం కూడా. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు ప్రాణాలర్పించిన అగ్నిమాపక సిబ్బంది స్మృతి అది. ఆ రోజు పూలమాల వేశాక అందరం కలిసి ఒకసారి గంట మోగించి, ఎంతసేపట్లో మైదానంలోకి చేరతామో చూసుకుందాం. జూన్‌లో, అక్టోబరులో మళ్లీ చూద్దాం. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే పని మనకు వద్దు.