తండ్రి పేరు మారని రెజ్యూమె

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో కరెంటు బిల్లు కాపీ కోసం నిలబడ్డాను. నా ముందున్న పిల్లగాడు రెజ్యూమె చేయించుకుంటున్నాడు. షాపాయన ‘రెజ్యూమె న్యూ ఫైనల్ 2’ అనే ఫైలు తెరిచి, అందులో ఉన్న పేరు తీసేసి వీడి పేరు కొట్టాడు. డిగ్రీ ఏందన్నాడు. బీకాం కంప్యూటర్స్. ఏ జాబుకన్నాడు. ఐటీ సపోర్టు. రెండు నిమిషాల్లో ప్రింటు బయటికొచ్చింది. 50 రూపాయలు. పిల్లగాడు చదవకుండానే మడవబోతుంటే అలవాటు కొద్దీ తొంగి చూశాను. తండ్రి పేరు దగ్గర ఇంకెవరి తండ్రో ఉన్నాడు.

నవ్వు ఆపుకొని మిగతాది చదివాను. తండ్రి పేరొక్కటే కాదు, అందులో ఏదీ వాడిది కాదు. పైన సంస్థ ఎదుగుదలకు తోడ్పడతానన్న ఆబ్జెక్టివ్. బలాలు: కష్టపడే తత్వం, పాజిటివ్ థింకింగ్. హాబీలు: క్రికెట్, పాటలు వినడం. అడుగున, పై వివరాలన్నీ నిజమేనని ప్రమాణం. ఆ ప్రమాణం కింద సంతకానికి ఖాళీ జాగా.

నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లు హెల్ప్‌డెస్క్‌లో పనిచేశాను. చివర్లో కొత్తవాళ్ల రెజ్యూమెలు ఏరే పని కూడా నా నెత్తినే పడింది. కట్టలో పది తీస్తే తొమ్మిదింటిలో ఇదే ఆబ్జెక్టివ్, ఇదే క్రికెట్. ఎవరు ఎవరో తెలిసేది కాదు. అందుకే ఆ పిల్లగాడిని చాయ్‌కి లాక్కుపోయి, ఇదివరకు ఏం పని చేసినవని అడిగాను.

“ఏం లేదు సార్, ఖాళీనే. మా చిన్నాయనకు దేవరకొండల మీసేవ ఉంది. రెండేండ్ల సంది అండ్లనే కూసుంటున్న.”

“కూసోని ఏం చేస్తవ్?”

“ఏముంటది సార్. ప్రింటర్ ఆగితే మళ్ల నడిపిస్త. ఏలిముద్రల మిషన్ పట్టకపోతే డ్రైవర్ తీసేసి మళ్ల ఏస్త. నెట్ పోతే కేబుల్ చూసుడు, రూటర్ చూసుడు, అప్పటికీ రాకపోతే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుడు. నిరుడు పక్కన ఎరువుల షాపు కంప్యూటర్‌ల వైరస్ పడితే, బిల్లుల డేటా పెన్‌డ్రైవ్‌ల తీసి విండోస్ మళ్ల ఎక్కించిన.”

దీన్ని వాడు ఖాళీ అంటున్నాడు. కంపెనీల్లో దీన్నే ఎల్1 సపోర్టు అంటారు. అక్కడ ఫిర్యాదును టికెట్ అంటారు, దాన్ని సర్వీస్‌నౌ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తారు, తమ వల్ల కాకపోతే ఎల్2కి పంపుతారు. తేడా అంతే. ఇంకో సంగతి వాడు చెప్పనేలేదు, నేనే గుచ్చి గుచ్చి రాబట్టాను. జూన్‌లో అడ్మిషన్లప్పుడు ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం జనం గుమ్మం దాటి నిలబడతారు. సర్వర్ డౌన్ అవుతుంది. పొద్దుటి నుంచి నిలబడ్డ పెద్దాయన వీడి మీదే ఎగురుతాడు. వీడు ఆయన్ని కూర్చోబెట్టి, నంబర్ రాసుకొని, సర్వర్ రాగానే ఫోన్ చేసి పిలుస్తాడు. హెల్ప్‌డెస్క్ ఉద్యోగంలో సగం ఇదే. మిగతా సగం మూడు నెలల్లో నేర్పొచ్చు, ఓపిక నేర్పడం కష్టం.

పాలమూరు నుంచి జనం డ్యాముల పనికి పోయిన రోజుల్లో రెజ్యూమె గుంపు మేస్త్రీ నోట్లో ఉండేది. రాయి ఎవరు మోస్తారో, మట్టి ఎవరు కొడతారో ఆయనకు తెలుసు. ఆ తెలిసినదాన్ని పెట్టుబడి చేసుకొని అడ్వాన్సు పేరుతో కూలీల రక్తం తాగిన మేస్త్రీలూ ఉన్నారు, ఆ రోజులు మళ్లీ రావాలని అనడం లేదు. కానీ మనిషి ఏ పని చేయగలడో ఎవరో ఒకరు చూసి చెప్పేవారు. ఇప్పుడు ఆ సంగతి మనిషే కాగితం మీద రాసుకోవాలి. అది రాయడం మాత్రం మన కాలేజీల్లో ఎవరూ నేర్పలేదు.

సరే, చాయ్ కొట్టు బల్ల మీదే మొదలుపెట్టాం. తండ్రి పేరు, మతం, పెళ్లి, ఫొటో, ప్రమాణం అన్నీ కొట్టేశాం. సపోర్టు పనికి ఇవి ఎవరికీ అక్కర్లేదు. పెద్ద కంపెనీల్లో రెజ్యూమె మనిషికంటే ముందు సాఫ్ట్‌వేర్ కంట పడుతుంది. టేబుళ్లు, రెండు వరసలు, రంగుల పెట్టెలు పెడితే అది తప్పు చదివే ప్రమాదం ఉంది. ఒకే పేజీ, మామూలు అక్షరం చాలు. ఇక మీసేవ. రెండేళ్లు, 3 కంప్యూటర్లు, 2 ప్రింటర్లు, వేలిముద్ర యంత్రం, నెట్‌వర్కు, అన్నింటి నిర్వహణ. ఎరువుల షాపుకు ఇంకో వాక్యం: డేటా పోకుండా సిస్టం తిరిగి నిలబెట్టడం. రాసింది ఇంతే. ఇంగ్లీషు తప్పుల్లేకుండా ఉంటే చాలు, అలంకారాలు వద్దు.

కొరత ఒకటుంది, దాచడం ఎందుకు? కంపెనీ నెట్‌వర్కు వాడు చూడలేదు. దానికి అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో వేలు పోయక్కర్లేదు. 8 జీబీ ర్యామున్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్ బాక్స్ వేసుకొని, మైక్రోసాఫ్ట్ 180 రోజులు ఉచితంగా ఇచ్చే విండోస్ సర్వర్ ఎక్కించి, యాక్టివ్ డైరెక్టరీలో నలుగురు యూజర్లను పెట్టి, వాళ్ల అకౌంట్లు లాక్ చేసి మళ్లీ తెరవొచ్చు. సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసరూ ఉచితమే. అయితే చేసిందే రాయాలి. ఇంటర్వ్యూలో “ఐపీ 169.254తో మొదలైతే ఏమిటర్థం?” అని అడుగుతారు. సిస్టంకు డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ రాలేదని, కేబుల్ నుంచి చూసుకుంటూ వస్తానని చెప్పినవాడు గట్టెక్కుతాడు. రెజ్యూమెలో నెట్‌వర్కింగ్ నిపుణుడినని రాసి ఇక్కడ నీళ్లు నమిలినవాడు అక్కడే ఆగిపోతాడు.

చాయ్ అయ్యాక పిల్లగాడు గొంతు తగ్గించాడు. “సార్, దోస్తులు ఫేక్ పెడుతుండ్రు. రెండేండ్ల ఎక్స్‌పీరియన్స్, పేస్లిప్పులు అన్నీ ఇస్తరంట.” కోపమొచ్చింది, వాడి మీద కాదు. నిజంగా రెండేళ్లు పనిచేసినవాడు అదే రెండేళ్ల అబద్ధాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవాలనుకునే దాకా తెచ్చాం. పైగా అది నిలవదు. పీఎఫ్ ఖాతాకు 2014 నుంచి యూఏఎన్ నంబరు ఉంది. ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో వెరిఫికేషన్‌లో అందులోనే చూసుకుంటున్నారు. చేరిన ఆరు నెలలకు పట్టుబడి ఇంటికొచ్చినవాళ్లను నేనే చూశాను. చిన్నాయన రాసిచ్చే ఒక్క కాగితం, కింద ఆయన ఫోన్ నంబరు, ఆ దొంగ పేస్లిప్పులకంటే ఎక్కువ విలువైనవి.

2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఐటీ టవర్ తెరిచారు. అదే ఏడు అక్టోబరులో నల్లగొండలో ఐటీ హబ్ తెరిచారు. అద్దాల భవనాలు బాగున్నాయి. వాటి గేటు దాకా మన పిల్లలు పట్టుకుపోతున్న కాగితం మాత్రం జిరాక్స్ షాపు ఫైలే. డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లు ఫైనలియర్‌లో రెండు శనివారాలు దీనికి కేటాయిస్తే ఎవరి సొమ్మూ పోదు. పాఠం కూడా అక్కర్లేదు. ఎవరైనా ఒకరు ఎదురుగా కూర్చొని ‘ఏం చేస్తవ్ అక్కడ?’ అని నాలుగుసార్లు అడిగితే చాలు.

ఇక జిరాక్స్ షాపుల అన్నలకు ఒక మనవి. మీ పొట్ట కొట్టాలని కాదు. ప్రింటుకు ఇంకో పది ఎక్కువ తీసుకోండి. కానీ ఈ రాత్రి షాపు మూసేముందు డెస్క్‌టాప్ మీది ఆ ‘ఫైనల్ 2’ను డిలీట్ చేయండి. రీసైకిల్ బిన్‌లోంచి కూడా.