మొదటి రూపాయి బ్రేకులకే

చేతిలో కొద్దిగా డబ్బుంది, పికప్ ఉన్న కారు కావాలి, ఏది కొనమంటారని మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కుర్రాళ్లు అడుగుతూనే ఉంటారు. అసలైన స్పోర్ట్స్ కారు ఈ జిల్లాల్లో ఎందరికి అందుతుంది? గోవాలో శాన్ మోటార్స్ చేసిన రెండు సీట్ల శాన్ స్టార్మ్ కూడా మన రోడ్ల మీద కనిపించింది తక్కువే. అందుకే మన దగ్గర ఆ మోజు తీర్చేవి పాత ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఐకాన్ 1.6, హోండా సిటీ వీటెక్ లాంటివి. చూడ్డానికి ఇంటి కార్లే. మూడో గేరులో తొక్కితే తెలుస్తుంది వాటి సత్తా.

నేను కొన్నది పాలియో. ఏపీ 22, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ నంబరు. అమ్మినాయన కొత్త అలాయ్ వీల్స్ వేయించాడు, సైలెన్సర్ మార్పించాడు, అద్దంలా పాలిష్ పట్టించాడు. వనపర్తి షెడ్డులో పిట్ మీదికి ఎక్కించాక అసలు రూపం బయటపడింది. వనపర్తి ప్యాలెస్‌లోని పాలిటెక్నిక్‌లో చదువుకున్న మెకానిక్, ముందు చక్రం దగ్గరి బ్రేకు పైపును రెండు వేళ్లతో వంచి టార్చి వేశాడు. రబ్బరు నిండా ఎండిన చెరువులో నెర్రెల్లాంటి పగుళ్లు. టైరు పక్కన చిన్న గడిలో 1412 అని ఉంది. అంటే 2012లో 14వ వారం తయారైన టైరు. టైరు అరగలేదు కానీ రబ్బరు రాయి అయిపోయింది. రేడియేటర్ మూత తీస్తే లోపల తెల్లటి గార. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశారు. మన ఎండల్లో అలాంటి బండి ఎంత దూరం పోతుంది?

"దీన్ని ఉరికిచ్చుడు తర్వాత సార్, ముందుగాల ఆపుడు సంగతి సూద్దాం" అన్నాడు మెకానిక్.

ఆ మాటే పట్టుకున్నాను. బ్రేకు పైపులు, ప్యాడ్లు, ఆయిల్, నాలుగు టైర్లు, రేడియేటర్, టైమింగ్ బెల్టు, ఆ వరుసలోనే ఖర్చు పెట్టాను. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడితే వేడికి లోపల ఆవిరి బుడగలు లేచి, పెడల్ తొక్కినా మెత్తగా కిందికి పోతుంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో అమ్మేవాడు చెప్పలేకపోతే మార్చాల్సిందే. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ దెబ్బతింటుంది. పెట్రోలు పైపులు కూడా మార్పించాను. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత కార్ల రబ్బరు అంతగా తట్టుకోదు.

ఇంత జాగ్రత్త ఎందుకో మన రోడ్లే చెబుతాయి. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి వంతెన మీదుగా పోయే 44వ నంబరు హైవే మీద కారు గంటకు వంద కిలోమీటర్ల దాకా పోవచ్చు. అదే హైవే మీద లైట్లు లేని ట్రాక్టరు ఎదురుగా వస్తుంది. అచ్చంపేట దాటి మన్ననూరు నుంచి నల్లమలలోకి పోతే, దోమలపెంట తర్వాత శ్రీశైలం డ్యామ్ వైపు దిగుడు. అక్కడ కాలు బ్రేకు మీదే ఉంచితే ఎంత మంచి బ్రేకైనా వేడెక్కుతుంది, రెండో గేరులో దిగాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి దారి మూసేస్తారు. అది జంతువుల కోసం, మనం గౌరవించాలి.

కాగితాలు కూడా బ్రేకులంత ముఖ్యం. 29, 30 నంబరు ఫారాలతో ఆర్‌సీ వెంటనే మీ పేరుకు మార్పించుకోండి. అమ్మేవారికీ ఇది అవసరమే. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవారిదే బాధ్యతని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడదు. 20 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజును 2025లో పదివేలు చేశారు. మంచి బ్రేకులున్న పాత బండికీ, నెర్రెలు విచ్చిన బండికీ ఒకటే ఫీజు. వయసు చూసి వసూలు చేసే బదులు, ప్రతి బండినీ పిట్ మీదికి ఎక్కించి టార్చి వేసి చూడండి. రవాణా శాఖకు నేను చేసే విన్నపం ఇదే.

నా పాలియో ఇప్పుడు రోజూ తిరుగుతోంది. రంగు ఇంకా వేయించలేదు.