చేతిలోని వేగు

యంత్రము మనచేత నున్నంత మాత్రమున అది మనదగునా? జహీరాబాదు సమీపమున మాచునూరు గ్రామములో 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో ప్రారంభమయ్యెను. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆదరణమున దళిత స్త్రీలే దానిని నడపిరి. ఏ పాట వినిపింపవలయునో, ఏ మాట పలుకవలయునో వారే నిర్ణయించుకొనిరి. విత్తనముల విషయమునను ఆ సంఘముల స్త్రీలది యదే రీతి. ఇంటి విత్తనమును ఇంటనే దాచి, దాని గుణమెరిగి చల్లుదురు. మన ఫోనును గూర్చి మనకీపాటి యెరుక కలదా?

క్రొత్త ఫోను పెట్టె విప్పునప్పటికే అందు మనము కోరని యాప్‌లు పెక్కు చేరియుండును. 2016 నవంబరులో క్రిప్టోవైర్ అను సంస్థ యొక సంగతి బయలుపరచెను. అమెరికాలో అమ్ముడుపోయిన కొన్ని చవుక ఫోనులలో షాంఘై నగరపు అడప్స్ కంపెనీవారి సాఫ్ట్‌వేరు ముందే అమర్చబడి, కొన్నవారి సందేశములను 72 గంటల కొకమారు చైనాలోని సర్వరునకు పంపుచుండెను. ఫోను పట్టుకొన్నవారికి ఆ జాడయే తెలియదు!

ఇది విని, చైనా వస్తువు మానిన చాలునని కొందరనవచ్చును. మన ప్రభుత్వమును 2020 జూన్ 29న 59 చైనా యాప్‌లను నిషేధించినది. కాని 2025 నవంబరు 28న మన టెలికాం శాఖయే, సంచార్ సాథీ యాప్‌ను ప్రతి క్రొత్త ఫోనులో ముందుగనే చేర్చవలెనని తయారీదారుల నాదేశించెను. పోయిన ఫోనును నిలిపివేయించుటకును, మోసముల నరికట్టుటకును ఆ యాప్ ఉద్దేశింపబడినది; దానిని వేగు అనుట మా తలంపు కాదు. అయినను చుట్టము మంచివాడైనంత మాత్రమున అడుగకయే ఇంట జొరబడవచ్చునా? దేశమెల్ల ఆక్షేపణలు చెలరేగగా డిసెంబరు 3న ఆ నిర్బంధము తొలగింపబడెను. అడిగినందున ఫలము కలిగెను.

కావున ఈ వస్తువు ఏ దేశపుదని మాత్రమే యడిగి యూరకుండరాదు. దీని తాళపుచెవి ఎవరిచేత నున్నదనియు అడుగవలయును. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మన సమ్మతికి విలువ నిచ్చుచునే, తాను పేర్కొను ప్రభుత్వ సంస్థలను మినహాయించు అధికారమును కేంద్రమునకు ఒసగినది. ఈ సంగతియు స్త్రీలు ఎరిగియుండవలయును.

ఇక నేడే చేయదగిన పని యొకటి కలదు. ఫోనులో సెట్టింగ్స్ తెరచి, ఏ యాప్‌నకు మైకు, కెమెరా, సందేశముల అనుమతి కలదో పరికింపుడు. అక్కరలేని అనుమతిని రద్దుచేయుడు. తొలగింప వీలుపడని యాప్‌ను డిసేబుల్ చేయు మార్గము తరచుగా నుండును. అడప్స్ వంటివి లోలోతున దాగియుండును గాన ఇంతటితో దొరకవు. వానికి చట్టమే మందు. ఫోనును భర్త కొనితెచ్చినను, కుమారుడు కొనితెచ్చినను, అందులోని మాటలు మీవి. వానికి కాపలా యుండుటయు గృహరక్షణములోని భాగమే.