సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగాను

మా బాబు ఆరో తరగతి నుంచి పది వరకు మన స్కూల్లోనే చదివాడు. పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. పేరెంట్స్ మీటింగుల్లో మీరు నన్ను చూసే ఉంటారు. మ్యాథ్స్ టీచర్ దగ్గర అందరికంటే ఎక్కువసేపు నిలబడేది నేనే.

జేఈఈ కౌన్సెలింగ్‌లో మా వాడికి వరంగల్ రాలేదు, జలంధర్ వచ్చింది. ఎన్ఐటీల్లో సగం సీట్లు ఇతర రాష్ట్రాల వాళ్లకు ఇస్తారు కదా, మన పిల్లలు ఇలా ఎక్కడెక్కడికో వెళ్తూనే ఉంటారు. రేపు మీ వాళ్లూ వెళ్లొచ్చు. మొదటి నెలంతా ఫోన్లో రాజ్మా గురించి, చలి గురించి చెప్పాడు. రెండో నెలలో ఒకరోజు, "అమ్మా, భాంగ్రా టీమ్‌లో చేరాను" అన్నాడు.

"సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడిగాను. నా నోటివెంట వచ్చిన మొదటి మాట అదే. పక్కనుంచి మా ఆయన "రోజుకి ఎన్ని గంటలు?" అన్నారు. సాయంత్రం రెండు గంటలట, పోటీ దగ్గర పడితే రాత్రి పదకొండు దాకానట. "నాన్నా, నువ్వు వెళ్లింది కంప్యూటర్ సైన్స్ చదవడానికి, గంతులు వేయడానికి కాదు" అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత "సరే అమ్మా" అని పెట్టేశాడు.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

ముందు, గంతులు అన్నాను కదా, ఆ సంగతి చెప్తాను. భాంగ్రా అంటే నాకు తెలిసింది పెళ్లి బరాత్‌లో డీజే పాటకు చేతులు పైకెత్తి ఊగడమే. అసలు టీమ్ భాంగ్రా వేరు. మెడలో వేలాడే ఢోల్‌కు ఒకవైపు డగ్గా అనే లావు వంపు కర్ర, రెండోవైపు తిల్లీ అనే సన్నటి పుల్ల. ఆ రెండు దెబ్బల మధ్యనే అడుగు పడాలి. ఝూమర్ నెమ్మదిగా ఊగుతూ సాగుతుంది, ధమాల్ ఊపిరి ఆడనివ్వదు. ఒంటికాలి మీద ఎగురుతున్నా ముఖంలో నవ్వు చెదరకూడదు. తెరుచుకుంటూ మూసుకుంటూ టపటపలాడే సాప్ అనే చెక్కల చట్రాన్ని చేతుల్లో ఆడించాలి. నడుముకు చాద్రా కడతారు. మన లుంగీ లాంటిదే. పంచెల ఫంక్షన్‌లో తప్ప జీవితంలో పంచె ముట్టని మా వాడికి అది నిలబడేలా కట్టుకోవడానికే వారం పట్టింది.

తలపాగా విషయంలో ఒకసారి చీవాట్లు తిన్నాడు. ప్రాక్టీసు అయ్యాక విప్పిన పగ్గును తీసుకెళ్లి బూట్ల పక్కన పెట్టాడట. సీనియర్ ఒకతను, వీళ్లంతా పాజీ అని పిలుస్తారు, పక్కకు తీసుకెళ్లి "ఇది నీకు డ్రెస్, మాకు మర్యాద" అని చెప్పాడట. అప్పటినుంచి విప్పగానే మడతపెట్టి బ్యాగులో అన్నిటికంటే పైన పెడతాడు. ఇంట్లో ఇరవైసార్లు చెప్పినా తువ్వాలు మడతపెట్టని పిల్లాడు!

ఇంకో సంగతి నాకు ఆశ్చర్యం కలిగించింది. భాంగ్రా పుట్టింది వైశాఖి పంటల వేళ, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సియాల్‌కోట్, గుజ్రన్‌వాలా పల్లెల్లో. 1947 విభజనతో ఆ ఊళ్లు అటు, మనుషులు ఇటు అయ్యారు. 1950లలో దాన్ని స్టేజీ మీదికి తెచ్చి ఇప్పటి రూపం ఇచ్చినవాళ్లలో పటియాలా మహేంద్ర కాలేజీ విద్యార్థులు ఉన్నారు. సునామ్‌కు చెందిన మనోహర్ దీపక్ సోదరులు, ఢోల్ విద్వాంసుడు భానా రామ్ వాళ్లకు తోడయ్యారు. 1957లో వచ్చిన 'నయా దౌర్' సినిమాలో భాంగ్రా చేసింది ఆ దీపక్ సోదరులే. అంటే ఈ రోజు మనం చూసే భాంగ్రాలో కాలేజీ కుర్రాళ్ల చెయ్యి ఉంది. వాళ్ల అమ్మలు కూడా సర్టిఫికెట్ గురించి అడిగారో ఏమో.

అసలు విషయానికి వస్తాను. మొదటి సెమిస్టర్‌లో మా వాడు ఇంటికి వచ్చేద్దామనుకున్నాడట. ఈ సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఇక్కడ ఎప్పుడూ మొదటి మూడు ర్యాంకుల్లో ఉన్నవాడు, అక్కడ క్లాసులో మధ్యలో ఎక్కడో తేలాడు. అక్కడికి చేరిన వాళ్లంతా ఎక్కడో ఒకచోట మొదటి మూడు ర్యాంకుల్లో ఉన్నవాళ్లే కదా. వెనకబడితే ఏం చేయాలో వాడికి ఎవరూ నేర్పలేదు. నేనైతే అసలే నేర్పలేదు. పదో తరగతిలో గేమ్స్ పీరియడ్ తీసేసి రివిజన్ పెట్టమని ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఇచ్చిన తల్లుల్లో నేనూ ఉన్నాను.

టీమ్‌లో కూడా వాడే ఆఖరు. పంపిన మొదటి వీడియోలో అందరి చేతులూ ఒకే ఎత్తులో ఉంటే వాడిది జానెడు కిందికి ఉంది, అదీ ఒక క్షణం ఆలస్యంగా. మూడు వారాలు ఒక్క అడుగే వేయించారు. ఆ రోజుల్లో ఒకసారి ఫోన్లో అన్నాడు, "ఇక్కడ అందరికంటే నేనే వెనక అమ్మా. అయినా రేపు రమ్మంటారు."

మీలో ఎవరైనా మీ పిల్లలతో ఆ మాట అన్నారా? నేను అనలేదు. తక్కువ మార్కులొచ్చిన రోజు మా ఇంట్లో టీవీ రిమోట్ దాచేదాన్ని.

ఇందులో నష్టం లేదని చెప్పను. రెండో సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోయింది. సిమెంటు నేల మీద ఎగిరి ఎగిరి మోకాలు వాచి, పది రోజులు ఫిజియోథెరపీ చేయించుకున్నాడు. మా ఆయన ఇప్పటికీ ఆ సబ్జెక్టును భాంగ్రా ఖాతాలోనే రాస్తారు. కావచ్చు, కాదనను. కానీ రిజల్ట్స్ వచ్చిన సాయంత్రమే వాడు తనంతట తానే ఫోన్ చేసి చెప్పాడు. తొమ్మిదో తరగతిలో ప్రోగ్రెస్ కార్డును బీరువా కింద దాచిన పిల్లాడు వాడు. పోయిన సబ్జెక్టు మళ్లీ రాసి పాసయ్యాడు. నా లెక్కలో ఆ ఫోన్ కాల్ ఆ సబ్జెక్టు కంటే పెద్దది.

అందుకని, మీ పిల్లలు ఏ ఊరి కాలేజీ నుంచో ఫోన్ చేసి ఇలాంటి మాట చెబితే, "వద్దు" అనకముందు నాలుగు విషయాలు అడగండి. ప్రాక్టీసు నేల ఎలాంటిది, రాత్రి హాస్టల్‌కు ఎవరితో వస్తారు, అటెండెన్స్ ఎంత ఉంది, ఇంటర్నల్స్ ఎప్పుడు. ఇవి అడగడం మన హక్కే. ఆడపిల్లలైనా ఇవే అడగండి, గిద్దాతో పాటు ఇప్పుడు భాంగ్రా కూడా అమ్మాయిలు బాగా చేస్తున్నారు. సర్టిఫికెట్ సంగతి మాత్రం ఎత్తకండి.

మొన్న సంక్రాంతికి వాడు రాలేదు. మన భోగి దరిదాపుల్లోనే వాళ్లకు లోహ్రీ, అక్కడా మంటలే. మేము భోగి మంట దగ్గర నిలబడి వీడియో కాల్ చేస్తే, వెనకాల ఢోల్ మోతలో వాడి మాట ఒక్కటీ వినపడలేదు. ఫస్టియర్ పిల్లలకు అడుగులు నేర్పుతున్నాడట.

పాప ఇప్పుడు మా వీధి చివర గుడిలో శనివారం సాయంత్రాలు కోలాటం నేర్పుతున్నారు, చేరతానంటోంది. సరిగ్గా అదే టైముకి మ్యాథ్స్ డౌట్స్ క్లాస్ ఉంది. మా ఇంట్లో ఇంకా తేలలేదు.