తలుపు మీద 'మా' అంటే ఎవరు?

దసరాకి ఇల్లు దులుపుతూ వీధి తలుపు దగ్గరే గంటన్నర కూర్చున్నాను. ఒకదాని మీద ఒకటి నాలుగు స్టిక్కర్లు. పైది ట్యూషన్ వాళ్లది, దాని కింద వాటర్ క్యాన్ నంబరు, మిగతావి ఎవరివో కూడా తెలీదు. గోటితో గీకితే కాగితం పొరలుగా వస్తుంది, జిగురు మాత్రం తలుపునే పట్టుకుంటుంది. దానికి దుమ్ము అంటుకుని నల్లటి మరక. "పోనీలే, ఎవరు చూస్తారు" అన్నారు మా ఆయన. రోజూ ఆ గడపకు పసుపు రాసేది నేను, నేను చూడనా? అందులోనూ నా పుట్టిల్లు కడప. తిరుమలకు గడప కాబట్టే ఆ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు మా వైపు.

మన కర్నూలు, కడప ఎండలకు ఒక సుగుణముంది. అతికించిన వారం లోపలైతే, మధ్యాహ్నం తలుపు వేడెక్కినప్పుడు మూల పట్టుకుని మెల్లగా లాగితే స్టిక్కర్ చాలావరకు వచ్చేస్తుంది. ఒక ఎండాకాలం దాటిందా, కాగితం పెళుసై, జిగురు గట్టిపడి చేతులు నొప్పి పుట్టిస్తుంది. అప్పుడు వేడినీళ్ల గుడ్డతో నానబెట్టి కాగితం తీసేసి, జిగురుకు చెనిక్కాయల నూనె రాసి అరగంట వదిలేస్తాను. పాత ఏటీఎం కార్డుతో తోస్తే ఉండలు కట్టి ఊడొస్తుంది. తర్వాత సబ్బునీళ్లు. థిన్నర్, పెట్రోలు జోలికి పోకండి, జిగురుతో పాటు తలుపు రంగూ లేచిపోతుంది.

వంటింటి గట్టు మీద మాత్రం నిమ్మకాయ, వెనిగర్ చిట్కాలు వద్దు. మన కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాయి జాతివి, పులుపు తగిలితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. మా గట్టు మీద ఒకటుంది, ఫోన్‌లో వీడియో చూసిన గుర్తుగా.

కొత్త స్టీలు గిన్నె మీద స్టిక్కరంటే నేను కొని తెచ్చుకున్నదే, లోపల వేడినీళ్లు పోసి తీసుకుంటా. తలుపు మీదది నేను అడిగానా?

2023 ఏప్రిల్‌లో అప్పటి అధికార పార్టీ 'మా నమ్మకం నువ్వే జగన్' స్టిక్కర్లతో రాష్ట్రమంతా ఇంటింటికీ తిరిగింది. ఆ పార్టీ ఒక్కటే అని కాదు, రేపు ఇంకొకరు వస్తారు. నా పేచీ ఆ 'మా' దగ్గర. మా ఇంట్లో మా అత్తమ్మ ఓటు ఒకటి, ఆయనది ఒకటి, నాది ఎవరికీ చెప్పను. తలుపు మాత్రం అందరి తరఫునా ఒకే మాట చెప్పాలా?

అనుమతి లేకుండా ఎవరి ఇంటికీ, గోడకూ నోటీసులు అతికించకూడదని ఎన్నికల కోడ్‌లోనే ఉంది. అయితే ఆ అనుమతి ఇచ్చేదెవరు? ఆయన వరండాలో పేపరు చదువుతూ తలూపితే ఇల్లంతా ఒప్పుకున్నట్టే లెక్క. గీకేటప్పుడు ఆ తల కనపడదు.

మొన్న ఒక పిల్లోడు స్టిక్కర్ల కట్టతో వచ్చాడు. "నాయనా, చేతికియ్యి, నంబరు క్యాలెండర్ మీద రాసుకుంటా" అన్నాను. "అతికించి ఫోటో పంపితేనే డబ్బులిస్తారక్కా" అన్నాడు. పాపం, వాడి కూలి అది. గేటు రేకు మీద అతికించుకోమన్నాను. ఫోటో తీసుకుని పోయాడు. మూడు గంటలకు రేకు బాగా కాలాక పోయి లాగాను, ఒక్క ముక్కగా వచ్చేసింది.